అమ్మ విటమిన్ సీసా

ఒరేయ్ గొడుగూ,

నీ ఉత్తరాలకి జవాబు రాయనందుకు తిట్టుకో, కానీ తర్వాత. సెలవు అయిపోయింది, మళ్లీ ఆఫీసుకి వెళ్తున్నా, చెల్లి బాగుంది. వార్తలు సమాప్తం. అసలు సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేట్టుంది.

నా మాత్రల్ని అమ్మ విటమిన్లని చెబుతోందని రాశాను కదా. చెప్పడంతో ఆగలేదురా. షీటులోంచి ఒక్కొక్కటీ నొక్కి తీసి, పాత విటమిన్ సీసాలో పోసి, అందరికీ కనబడేలా అలమారలో పెట్టింది. ఎవరైనా షీటు మీద పేరు చూసి ఫోన్‌లో వెతుకుతారని ఆవిడ టెన్షన్. అప్పట్లో నాకు కాదనే ఓపిక కూడా లేదు.

ఆదివారం బాబాయ్ వచ్చాడు. కూర్చున్నాడో లేదో మోకాళ్లు, నీరసం, నిద్ర... మామూలే. మాటల్లోనే చెయ్యి చాపి సీసా అందుకుని, "వదినా, నేనూ ఒకటి వేసుకోనా? వీడి మొహం కాస్త తేటపడింది" అన్నాడు. మూత తీసేశాడు! అరచేతిలో మాత్ర. అమ్మ నీళ్ల గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నువ్వుంటే కిసుక్కున నవ్వి దొరికిపోయేవాడివి, లెక్కల సార్ క్లాసులోలాగే.

"బాబాయ్, అవి విటమిన్లు కావు. డిప్రెషన్ మాత్రలు. నావి" అనేశాను.

ఆయన మాత్రని మళ్లీ సీసాలో వేసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం ఉంది చూడూ! ఒళ్లు మండిపోయింది. తర్వాత ఉపదేశం: నీకేం తక్కువరా, ఉద్యోగం ఉంది, పొద్దున్నే లేచి నాలుగడుగులు నడు, మనసు గట్టి చేసుకో, ఆ మందులకి అలవాటు పడ్డావంటే ఇక అంతే.

పొద్దున్నే లేవాలట! నేను రాత్రి మూడింటికే లేచి కూర్చునేవాణ్ని. తెల్లారేదాకా పైకప్పు చూడటం, తెల్లారాక పళ్లు తోముకోవడానికి కూడా ఒంట్లో సత్తువ లేకపోవడం. బ్రష్ మీద పేస్టు వేసుకుని నిలబడితే అది అలాగే ఎండిపోయేది. ఏడుపొస్తే బాగుండుననిపించేది, అదీ రాదు. అన్నీ చెప్పేశాను. డాక్టరు ముందు థైరాయిడ్ పరీక్ష చేయించారనీ, 9 ప్రశ్నల కాగితం నింపిస్తే 27కి నాకు 22 వచ్చాయనీ, 20 నుంచీ తీవ్రం కిందే లెక్కనీ. (నాకు ఫస్ట్ క్లాసు వచ్చిన పరీక్ష అదొక్కటే, గమనించు.) మత్తుమందుల్లా ఇంకా ఇంకా కావాలనిపించేవి కావు ఇవి. కాకపోతే మనంతట మనమే ఠక్కున మానేస్తే కళ్లు తిరగడం లాంటివి వస్తాయి, అందుకే డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. పని మొదలుపెట్టడానికే 2 నుంచి 4 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కుదుటపడ్డాక కూడా కనీసం 6 నెలలు వాడాలి. బాబాయ్ విన్నాడో లేదో గానీ, నేను మాత్రం ఆగలేదు.

ఒక్కటి ఆయనకి చెప్పలేదు, నీకూ రాయలేదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని డాక్టరు మొదటిసారే సూటిగా అడిగారు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందంటారే, అదంతా ఉత్తదే. అవునన్నాను. అన్నాక ఊపిరాడింది. ఇప్పుడు అలా లేదు. మళ్లీ వస్తే అర్ధరాత్రయినా నీకు ఫోన్ చేస్తా, ఎత్తు. ఇంకా ఏదో రాద్దామని... వద్దులే.

అమ్మ సంగతి విను. బాబాయ్ "ఈ విషయం బయట ఎక్కడా అనకండి" అన్నాడు. ఇన్నాళ్లూ ఆవిడ చేసిందీ అదేగా! కానీ ఆయన నోట వినేసరికి ఏమైందో, "ఎందుకనకూడదయ్యా? వాడేమైనా దొంగతనం చేశాడా?" అని లేచింది. నేను నోరెళ్లబెట్టాను. మర్నాడు ఎదురింటావిడ అడిగితే మాత్రం మళ్లీ విటమిన్లే!

నిన్న బాబాయ్ ఫోన్ చేశాడు, అదో పెద్ద కథ. ఏమన్నాడంటే... ఉండు, చెల్లి కింద హారన్ కొట్టేస్తోంది, డాక్టరు దగ్గరికి టైమైపోయింది. మిగతాది

నీ మూడో బెంచీ