కోషర్ బీరంటే మంత్రించిన బీరు కాదండీ

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో విదేశీ బీర్ల గురించి వేసిన వ్యాసం చదివాను. కోషర్ (యూదుల మత నియమాల ప్రకారం తినదగ్గది, తాగదగ్గది) బీరంటే రబ్బీ, అంటే యూదుల మతగురువు, మంత్రాలు చదివి పవిత్రం చేసిన బీరని అందులో రాశారు. నేనుండేది న్యూజెర్సీ ఎడిసన్‌లో, పక్కనే హైలాండ్ పార్క్, అక్కడ యూదులు బాగా ఎక్కువ, మా ఆఫీసులో కూడా నెత్తిన కిప్పా (యూదుల చిన్న గుండ్రటి టోపీ) పెట్టుకునే ఒకాయన ఉన్నాడు. మీ వ్యాసం ఆయనకి ఇంగ్లీషులో చెబితే నవ్వాపుకోలేకపోయాడు. దీవెన ఉంది, కాదనను, కానీ అది తాగేవాడు గ్లాసు ఎత్తే ముందు తనే చెప్పుకుంటాడు. మంచినీళ్లు తాగినా అదే చెప్పాలి.

కోషర్ ముద్ర సంగతి వేరు. అందులో ఏం వేశారు, ఏ గిన్నెలో చేశారు, దానికి ముందు అదే గిన్నెలో ఇంకేం చేశారు అన్నది చూసి వేసే ముద్ర అది. బార్లీ, హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు), ఈస్ట్, నీళ్లు మాత్రమే ఉంటే బీరులో తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ ఉండదు. చిక్కంతా పైన కలిపే వాటితోనే. స్టౌట్ అనే నల్ల బీరులో పాల చక్కెర వేస్తే అది పాల వస్తువైపోతుంది, మాంసంతో కలిపి తీసుకోకూడదు. ఆయిస్టర్ స్టౌట్ అని కొందరు నిజంగానే ఆల్చిప్పలు వేసి కాస్తారు, ఆల్చిప్పలే వాళ్లకి నిషిద్ధం, ఇక అడగనే అక్కర్లేదు. వైన్‌కి ఉన్నంత పట్టింపు (ద్రాక్షపళ్లు ఎవరు తొక్కారు, ఎవరు ముట్టుకున్నారు) బీరుకి లేదు. మీ వ్యాసంలో ఈ రెండూ కలిపేశారు.

ఇక రుచి. ఇజ్రాయెల్ నుంచి వచ్చే గోల్డ్‌స్టార్ ఆరు సీసాల పెట్టె కొన్నాను. నెతన్యాలో టెంపో అనే కంపెనీ చేస్తుంది, సీసా మీద 4.9 శాతం ఆల్కహాల్ అని ఉంది. మొదటి సీసా తీయగానే తడిసిన అట్టపెట్టె వాసన! నురగ కూడా రెండు నిమిషాలు నిలవలేదు. తప్పు బీరుది కాదు, ఓడెక్కి వచ్చిన సరుకుని ఆ షాపువాడు హీటర్ పక్కన ఎన్నాళ్లు పెట్టాడో మరి. ముద్ర ఉన్నంత మాత్రాన సరుకు తాజాగా ఉండాలని లేదు కదా. వారం తర్వాత ఇంకో షాపులో తేదీ చూసుకుని మరీ తెచ్చుకున్నాను. ఈసారి నిజంగా బాగుంది. పాలు కలపని డికాక్షన్‌కి కొంచెం నీళ్లు పోస్తే వచ్చే రంగు, ముక్కు దగ్గర పెట్టుకుంటే మొలకలొచ్చిన రాగులు వేయించేటప్పుడు మా అమ్మ వంటింట్లోంచి వచ్చే వాసన. అది రాగి మాల్ట్, ఇది బార్లీ మాల్ట్, మొలకెత్తించి వేయించడం రెండిట్లోనూ ఉన్నదే కాబట్టి ఆశ్చర్యం లేదు. చేదు తక్కువ, గొంతు దిగాక నాలుక మీద సన్నగా తీపి ఉండిపోతుంది. హైదరాబాద్‌లో స్ట్రాంగ్ బీరుకి అలవాటు పడిన మా బావమరిది మాత్రం ఒక గుక్క తాగి, "ఇది బీరా బావా, జ్వరమొస్తే తాగించే బార్లీ నీళ్లా?" అన్నాడు. వాడి టేస్టు వాడిది.

మీ వ్యాసంలో అసలు లేని విషయం ఇంకోటి, ఇదే బీరు యూదుల పస్కా పండగ రోజుల్లో పనికిరాదు. బార్లీ, గోధుమ లాంటి ఐదు ధాన్యాలతో పులిసింది ఏదీ ఆ రోజుల్లో ఇంట్లో ఉండకూడదు, అందుకని చాలామంది ఉన్నదంతా బీరువాలో పెట్టి తాళం వేసి, రబ్బీ ద్వారా యూదుడు కాని మనిషికి కాగితం మీద అమ్మేస్తారు, పండగ అయ్యాక మళ్లీ కొనుక్కుంటారు. మా ఆఫీసాయన ఇది చెప్పినప్పుడు నేను జోక్ అనుకున్నాను. కాదు, చట్టబద్ధంగా రాసుకునే అమ్మకమే.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. పాతకాలం బాబిలోనియాలో (ఇప్పటి ఇరాక్ వైపు) యూదుల మతపెద్దలు, పరాయివాళ్లతో కూర్చుని తాగితే చనువు పెరిగి పెళ్లిళ్ల దాకా పోతుందని వాళ్ల బీరు వద్దన్నారట. రవ్ పప్పా అనే పెద్దాయన అందుకు ఒక దారి చూసుకున్నాడు, బీరు దుకాణం గుమ్మం బయటికి తెప్పించుకుని అక్కడే తాగేవాడని యూదుల ధర్మగ్రంథం తల్మూడ్‌లో ఉంది. ఈయనే స్వయంగా బీరు కాచి బాగుపడినవాడు. 4వ శతాబ్దం మాట ఇది! వైన్ షాపు ముందు బండికి ఆనుకుని నిలబడి తాగే మన జనాన్ని చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తున్నాడు.

ఇవన్నీ తెలుసుకోవడానికి మీ విలేకరి అమెరికా రానక్కర్లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదులు ఉన్నారు, అక్కడ సినగాగ్ (యూదుల ప్రార్థన మందిరం) కూడా ఉంది. వాళ్లలో ఎవరినడిగినా కోషర్ అంటే ఏమిటో శుభ్రమైన తెలుగులో చెప్పేవారు. దయచేసి వచ్చే ఆదివారం చిన్న సవరణ వేయండి.

అన్నట్టు, అట్ట వాసన కొట్టిన ఆ పెట్టెలో మిగిలిన ఐదు సీసాలూ పారబోయలేదు. ఒకటి మా ఆవిడ మిరపకాయ బజ్జీల పిండిలో పోసింది, కరకరలాడుతూ వచ్చాయి. ఇంకా నాలుగున్నాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ