దైవాధీనం అని చేతులు దులుపుకోకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పది రోజుల క్రితం మీ పత్రికలో గోదావరి నడుమ ఉన్న మా లంక గ్రామాల వరద గురించి వచ్చిన వ్యాసం చదివాను. అప్పుడే రాయాలనుకున్నాను గానీ, ఇంట్లో బురద ఎత్తిపోసుకునేసరికి వారం గడిచిపోయింది. దేవుడి మీద భారం వేసి కూర్చోవడం వల్లే లంకల జనం నీళ్లు ముంచుకొచ్చేదాకా కదలరని ఆ రచయిత తేల్చేశారు. అదే పేజీలో ఒక అధికారి, ప్రకృతి వైపరీత్యానికి ఎవరేం చేయగలరు, అంతా దైవాధీనం అన్నారు. ఒకరు మా నమ్మకాన్ని నేరం చేశారు. ఇంకొకరు తాము చేయని పనిని దేవుడి ఖాతాలో వేశారు. ఈ రెండు మాటలూ నాకు మింగుడుపడలేదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను విరుచుకుపడినప్పుడు నేను కోనసీమలోనే ఉన్నాను. మా పెంకుటింటి కప్పు ఒక పక్క లేచిపోగానే అత్తయ్య చెయ్యి పట్టుకుని, పిల్లలిద్దరినీ తీసుకుని వీధి చివరి చర్చికి పరుగెత్తాం. దగ్గరలో గట్టి కప్పున్నది అదొక్కటే. పాస్టరు గారి భార్య బల్ల మీద పరిచిన గుడ్డ లాగి మా చిన్నవాడికి చుట్టింది. ఒక మూల ప్రార్థన, ఒక మూల గోవింద నామం. అత్తయ్య కొంగున ముడివేసి తెచ్చుకున్న అంతర్వేది స్వామి కుంకుమ వానకు తడిసి వేళ్లన్నీ ఎర్రబడ్డాయి. ఆ వేళ్లతోనే మా పిల్లల నొసట, పక్కనే ఏడుస్తున్న ఒక క్రైస్తవుల పిల్ల నొసట కూడా బొట్టు పెట్టేసింది. ఆ పిల్ల తల్లి దాన్ని తుడవలేదు. తెల్లవారేదాకా మమ్మల్ని నిలబెట్టినది ఏమిటని అడిగితే నేను చెప్పగలిగింది ఇదే.

పొద్దున బయటికొస్తే కొబ్బరి తోటలు నేలకు ఒరిగి ఉన్నాయి. ఆ తుపానుకు వెయ్యి మందికి పైగా పోయారు. వేటకు వెళ్లి తిరిగిరాని మత్స్యకారులు ఎంతమందో. మా ఎరుకలో ఒకావిడ కొడుకూ అలాగే పోయాడు. కొన్నాళ్లకు ఒక ప్రవచనంలో, జనం పాపాలు పండి తుపాను వచ్చిందని చెబుతుంటే ఆవిడ మధ్యలోనే లేచి వచ్చేసింది. ఇరవై ఏళ్లు నిండని కుర్రాడు ఏం పాపం చేశాడు? స్వామి ఎందుకు తీసుకుపోయాడో ఆవిడకు తెలియదు, నాకూ తెలియదు. అయినా ప్రతి శనివారం గుడికి వస్తుంది. దీపం వెలిగించి, ఒక్క మాటా మాట్లాడకుండా కాసేపు కూర్చుని వెళుతుంది. ఆ నమ్మకాన్ని సోమరితనం అనే హక్కు ఎవరికీ లేదు.

మేము కదలమని కదా ఆరోపణ. భద్రాచలంలో గోదావరి పెరిగితే ఆ నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ధవళేశ్వరంలో పది లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, పదమూడుకు రెండోది, పదిహేడుకు మూడోది. ఈ లెక్కలు మా లంకల్లో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. 2022 జూలైలో ప్రవాహం పాతిక లక్షలు దాటినప్పుడు మా అత్తయ్య రేవు మెట్ల దగ్గర గోదావరి తల్లికి పసుపు కుంకుమ ఇచ్చింది. ఇచ్చి వచ్చి మూట కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. పడవ మాత్రం మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాలేదు. పశువులను వదిలి రమ్మంటే రైతు ఎలా వస్తాడు? గట్టు మీద వాటికి చోటూ, ఇంత గడ్డీ చూపించండి, మేము ముందురోజే కదులుతాం.

1986లో ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులు వచ్చి గట్లు తెగినప్పుడు పడ్డ పాట్లు చూసిన తరం ఇంకా బతికే ఉంది. ఇప్పుడు ఏటిగట్టు మీద నడిచి చూడండి, ఎన్నిచోట్ల జారిపోయిందో. మురుగు కాలువల నిండా గుర్రపుడెక్క. వాన నీరు పోయే దారి లేక చేలు కుళ్లిపోతుంటే 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్‌కు పంట విరామం ప్రకటించారు. అప్పుడు వచ్చి చూసిన పెద్దలు చాలామందే. కాలువల్లో తూడు మాత్రం ఏటేటా అలాగే ఉంటోంది. ఇది దేవుడు చేయవలసిన పనా?

మా ఊళ్లలో కాటన్ దొర విగ్రహానికి దండ వేసేదీ, అంతర్వేది తీర్థానికి వెళ్లేదీ ఒకే జనం. కరువుతో, 1839 ఉప్పెనతో చితికిపోయిన ఈ నేలకు ఆయన 1847లో మొదలుపెట్టి అయిదేళ్లలో ఆనకట్ట కట్టి ఇచ్చారు. ఆయనా దైవభక్తుడే. దైవాధీనం అని ఊరుకుని ఉంటే ఇక్కడ వరి చేను ఉండేది కాదు.

చివరిగా ఒక విన్నపం. మా ఊరి తుపాను షెల్టరుకు తాళం వేసి ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందని మూడేళ్లుగా అడుగుతున్నాను. ఒక కార్యాలయం వారు ఇంకో కార్యాలయాన్ని చూపిస్తున్నారు. మొన్నటి వరదకు కూడా మేము గుడి మండపంలోనే తల దాచుకున్నాం. మీ విలేకరిని ఒకసారి పంపించి ఆ తాళం ఎవరిదో కనుక్కోండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కోనసీమ లంక గ్రామం