ఆ నల్ల గ్రాండ్ పియానో ఇంకా షాపులోనే ఎందుకుంది?

పాత పోస్టాఫీసు దగ్గర మా షాపుకి వచ్చేవాళ్లంతా ఈమధ్య ఒకటే అడుగుతున్నారు: "మాస్టారూ, ఆ గ్రాండ్ ఇంకా ఇక్కడే ఉందేంటి? మా పియానో వంతు ఎప్పుడు?" అడగాల్సిన ప్రశ్నే. దాని వల్ల మిగతా పనులు వెనక్కి వెళ్తున్న మాట నిజం. సంక్రాంతిలోపు అది బయటికి వెళ్లదు. కారణం హ్యామర్లు, అంటే కీ నొక్కగానే లేచి తీగని కొట్టే చిన్న సుత్తులు. విడివిడిగా ఒక్కొక్కరికీ చెప్పడం కన్నా ఇక్కడ రాసేస్తే మేలనిపించింది.

అది 19వ శతాబ్దం చివర్లో బెర్లిన్‌లో తయారైన బెక్‌స్టైన్. (పియానోలవాళ్లకి 1853 భలే సంవత్సరం. బెర్లిన్‌లో బెక్‌స్టైన్, లైప్జిగ్‌లో బ్లూత్నర్, న్యూయార్క్‌లో స్టైన్‌వే, మూడూ ఆ ఏడాదే మొదలయ్యాయి.) కీలు 88 కాదు, 85. ఆ కాలంలో అది మామూలే. తీగల మోతని పెంచే చెక్క పలక (సౌండ్‌బోర్డు) గట్టిగానే ఉంది, తీగలు చుట్టిన పిన్నులు శ్రుతి నిలుపుతున్నాయి. మా దగ్గరికి రాకముందు ఎప్పుడో ఎవరో దీనికి కొత్త హ్యామర్లు వేశారు. సైజు చూశారు గానీ బరువు చూడలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన కథే అయింది. ఇప్పుడు పియానో గట్టిగా మోగుతుంది, అంతే. వాయించే టీచరమ్మగారు తెచ్చినప్పుడు చెప్పింది ఒక్క ముక్క: "అరగంట వాయిస్తే మణికట్టు లాగేస్తోందండి."

గ్రాండ్‌లో కీ సుమారు 10 మిల్లీమీటర్లు దిగితే హ్యామర్ 45 మిల్లీమీటర్ల దాకా లేస్తుంది. దూరం అన్ని రెట్లు పెరిగినప్పుడు బరువు కూడా ఊరికే పోదు. హ్యామర్ తల దగ్గర 1 గ్రాము ఎక్కువైతే వేలి దగ్గర సుమారు 5 గ్రాములు ఎక్కువవుతుంది, కొన్ని పియానోల్లో ఇంకాస్త. మామూలుగా ఒక కీ 50 గ్రాముల బరువు పెడితే మెల్లగా దిగాలి. దీనికి కీబోర్డు నడుమ ఉండే 'మధ్య సి' దగ్గర 62 పెడితే గానీ కదల్లేదు. ఆ కాలపు పియానోలకి చిన్న, తేలిక హ్యామర్లు ఉండేవి. యాక్షన్ (కీ నుంచి హ్యామర్ దాకా ఉండే యంత్రాంగం) లెక్కంతా వాటికి తగ్గట్టే వేసుకున్నారు. ఈనాటి పెద్ద హాలు పియానో హ్యామర్లు తెచ్చి అందులో పెడితే లెక్క తప్పుతుంది.

"అయితే కీలలో సీసం పెట్టేయండి" అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. కీ ముందు భాగంలో సీసం బిళ్లలు దిగ్గొడితే తూకం 50కి వచ్చేస్తుంది, నిజమే. కాగితం మీద అంతా బాగుంటుంది. కానీ ఇవతల హ్యామర్ బరువుగానే ఉంది, అవతల కీ కూడా బరువెక్కింది. మెల్లగా నొక్కితే తేడా తెలియదు. వేగంగా వాయించినా, రెండు నోట్ల మీద గమకంలా వేళ్లు ఆడించినా ఆ మొత్తం బరువుని వేలే కదపాలి, వేలే ఆపాలి. బిళ్లలు పెట్టి పంపడం నాకు సగం రోజు పని. పెట్టను.

ఉన్న హ్యామర్లనే చెక్కి తేలిక చేయొచ్చు కదా అంటే, బరువు తగ్గుతుంది, రంధ్రాలు మారవు. ప్రతి హ్యామర్‌కీ కర్ర దూరే రంధ్రం ఎంత ఎత్తులో, ఏ కోణంలో ఉండాలన్నది ఆ పియానోలో తీగలు ఉన్న ఎత్తుని బట్టి ఉంటుంది. వీటిని దీపం కింద పెట్టి చూస్తే తీగలు కోసిన గీతలు సరిగ్గా కొన మీద లేవు, ఒక పక్కకి జరిగి ఉన్నాయి. అంటే హ్యామర్ తీగని నిటారుగా కొట్టడం లేదు, ఒరిగి కొడుతోంది. అందుకే రెడీమేడ్ సెట్ తెప్పించి అతికించే దారి మూసుకుపోయింది. పాత హ్యామర్ కర్రలూ, అవి తిరిగే చిన్న పిన్నులూ అరిగాయి కాబట్టి వాటిని కూడా మారుస్తున్నాను.

ఇక ఏ హ్యామర్ అన్నది. జర్మనీలో ఆబెల్, రెన్నర్, అమెరికాలో రాన్సెన్ లాంటివాళ్లు చేస్తారు. హ్యామర్ తలకి ఉండేది ఫెల్ట్, అంటే ఒత్తిన ఉన్ని. దాన్ని చెక్క చుట్టూ లాగి, ప్రెస్సులో బిగించి అతికిస్తారు. ప్రెస్సులో వేడి ఎక్కువైతే గట్టిపడుతుంది, తగ్గితే స్ప్రింగులా సాగే గుణం మిగులుతుంది. గట్టి హ్యామర్‌ని సూదులతో గుచ్చి మెత్తబరచవచ్చు. మెత్తదాన్ని లాకర్ (వార్నిష్ లాంటిది) పట్టించి గట్టిపరచవచ్చు. ఏదైనా అతిగా చేస్తే ఫెల్ట్ పాడవుతుంది. నా మొగ్గు వేడి తక్కువ తగిలిన, తేలికైన హ్యామర్ వైపే. ఇంత పాత పలచని సౌండ్‌బోర్డుకి పెద్ద దెబ్బ అక్కర్లేదు. ఒక్క విషయం ముందే చెప్తున్నా: అలాంటివి మొదట్లో కాస్త మందంగా పలుకుతాయి. వాయించేకొద్దీ, వాయిసింగ్ (ఫెల్ట్‌ని సరిచేసి పలుకు తీర్చడం) చేసేకొద్దీ తెరుచుకుంటాయి. షోరూమ్ పియానోలా మొదటి రోజే గణగణలాడాలంటే అది ఈ దారిలో రాదు.

పై స్వరాల కొసన పని ఇంకా సున్నితం. అక్కడ మోగే తీగ సుమారు 6 సెంటీమీటర్లే. ఒక శాంపిల్ బిగించి, యాక్షన్‌ని వెంట్రుకవాసి లోపలికి, బయటికి జరుపుతూ ఆ నోటునే కొట్టి చూస్తున్నాం. ఒక చోట చెక్క మీద కొట్టినట్టు 'టక్' అంటుంది. అర మిల్లీమీటరు జరిపితే 'టింగ్' అని నిలబడుతుంది. ఆ చోటు దొరికాకే మిగతా అన్నింటికీ కొలత.

మన ఊరి గాలి సంగతి మీకు తెలిసిందే. ఫెల్ట్ తేమ పీలుస్తుంది, హ్యామర్ కర్రలు తిరిగే పిన్నులు బిగుసుకుంటాయి, కీ వదిలినా హ్యామర్ పైనే ఆలోచిస్తూ ఉండిపోతుంది. ఇంట్లో ఏసీ రాత్రంతా వేసి పగలంతా ఆపేవాళ్లకి ఈ బాధ ఎక్కువ. పియానో ఉన్న గదిలో ఏదో ఒకటి నిలకడగా ఉంచండి.

ఖర్చు అంకె ఇక్కడ రాయలేను. యూరో రేటు, కస్టమ్స్, కొరియర్ కలిసి ప్రతిసారీ వేరే లెక్క వస్తుంది. ఆర్డర్ పెట్టే ముందు బిల్లు చూపించి, ఒప్పుకున్నాకే డబ్బు తీసుకుంటాను. ఇంటికొచ్చి శ్రుతి చేయడం, నిలువు పియానోల చిన్న రిపేర్లు మామూలుగానే నడుస్తాయి. కొత్త గ్రాండ్ పనులు మాత్రం ఇది బయటికి వెళ్లేదాకా తీసుకోను. తొందరున్నవాళ్లు ఇంకెవరికైనా ఇచ్చుకుంటే నేనేమీ అనుకోను.

ఈ ఆదివారం మధ్యాహ్నం మూడు రకాల శాంపిల్ హ్యామర్లు పక్కపక్క నోట్ల మీద బిగించి ఉంచుతాను. పియానో నేర్చుకునే పిల్లలుంటే తీసుకురండి. నా వేళ్లు బరువుకి అలవాటుపడిపోయాయి, ఏది తేలికో పిల్లలే ఠక్కున చెప్తారు.