ద్వారం దగ్గర కూర్చున్న హోంగార్డుకూ ఆ శిక్షణ కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య ఒక పెద్ద బస్టాండులో ఆక్టోపస్ దళం (ఉగ్రవాదులను ఎదుర్కొనే పోలీసు కమాండో బలగం) జరిపిన మాక్‌డ్రిల్‌ను దగ్గరి నుంచి చూశాను. నల్ల దుస్తులు, ముఖాలకు ముసుగులు, చేతుల్లో తుపాకులు. గోడ వారగా ఒకరి వెనుక ఒకరు, ముందువాడి భుజాన చెయ్యి వేసి లోపలికి వెళ్లారు. ఎక్కడా మాట లేదు, అన్నీ సైగలే. కాసేపటికే ‘ఉగ్రవాదుల’ను మట్టుబెట్టి ‘బందీల’ను బయటికి తెచ్చారు. జనం చప్పట్లు కొట్టారు, నేనూ మనస్ఫూర్తిగా కొట్టాను.

వారం తర్వాత ఊరికి వెళ్లాల్సి వచ్చి మళ్లీ అదే బస్టాండుకు పోయాను. ద్వారంలో మెటల్ డిటెక్టర్ నిలబెట్టి ఉంది, దాని ప్లగ్గు మాత్రం ఊడి నేల మీద పడి ఉంది. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో ఒక హోంగార్డు కూర్చున్నాడు, ఒళ్లో లాఠీ. మాక్‌డ్రిల్ రోజు మీకు ఏం పని అప్పగించారని అడిగాను. “జనాన్ని దూరంగా నిలబెట్టమన్నారండి” అన్నాడు. ఆ జవాబు విన్నప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

ఆక్టోపస్ ఎందుకు పుట్టిందో మా తరం హైదరాబాదీలకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. మూడు నెలలు తిరిగేసరికి, ఆగస్టు 25 సాయంత్రం, లుంబినీ పార్కులో లేజర్ షో చూస్తున్నవారి మధ్య ఒకటి, కోఠిలో గోకుల్ చాట్ దగ్గర మరొకటి పేలి 42 మంది ప్రాణాలు తీశాయి. అదే రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో పాదచారుల వంతెన దగ్గర పేలకుండా మిగిలిన బాంబు దొరికింది. ఆఫీసుకు పోతూ వస్తూ నేను రోజూ ఎక్కి దిగిన వంతెన అది. మర్నాడు మా ఆవిడ నన్ను గడప దాటనివ్వలేదు.

ఆ ఏడాదే అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆక్టోపస్‌ను ఏర్పాటు చేసింది. నక్సలైట్లను ఎదుర్కోవడానికి 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్.వ్యాస్ తీర్చిదిద్దిన గ్రేహౌండ్స్ అప్పటికే ఉంది. కానీ అది అడవికి అలవాటు పడిన బలగం. గుడిలో, మాల్‌లో, ఆస్పత్రిలో వందలమంది అమాయకుల మధ్య దాక్కున్నవాణ్ని పట్టుకోవడం వేరే విద్య. ఆ విద్య మనకు ఎంత అవసరమో మరుసటి ఏడాది ముంబయి దాడి చూపించింది. ఢిల్లీ పక్కనున్న మానేసర్ నుంచి కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఎస్‌జీ (జాతీయ భద్రతా దళం) కమాండోలు ముంబయి చేరేసరికి గంటలకు గంటలు గడిచిపోయాయి. ఆ దాడి తర్వాతే ఎన్‌ఎస్‌జీ ప్రాంతీయ కేంద్రాలు వచ్చాయి, మన హైదరాబాదులోనూ ఒకటి పెట్టారు. రాష్ట్రానికి సొంత దళం దేనికని అప్పట్లో పెదవి విరిచినవారికి ఇంతకంటే వేరే జవాబు అక్కరలేదు.

2014లో రాష్ట్రం రెండైనప్పుడు ఆక్టోపస్ కూడా రెండైంది. సిబ్బంది ఇష్టాలు అడిగి పంచాలని, ఏ రాష్ట్రపు దళం ఆ రాష్ట్ర డీజీపీ కింద పనిచేయాలని విభజన చట్టంలోనే రాశారు. ఇప్పుడు తిరుమలలోనూ ఆక్టోపస్ పేరు వినిపిస్తోంది. అంతవరకు సంతోషమే.

నా బాధల్లా వేరు. దాడి జరిగిన చోటుకు కమాండో ఎంత తొందరగా వచ్చినా రెండోవాడుగానే వస్తాడు. మొదట అక్కడుండేది స్టేషన్ కానిస్టేబులు, హోంగార్డు. 2015 ఏప్రిల్ మొదట్లో సూర్యాపేట బస్టాండులో ఏం జరిగిందో ఎంతమందికి గుర్తుంది? అర్ధరాత్రి వేళ మామూలు తనిఖీ కోసం పోలీసులు బస్సు ఎక్కారు. లోపల ఉన్నది మధ్యప్రదేశ్‌లోని ఖాండ్వా జైలు నుంచి తప్పించుకున్న, నిషేధిత సంస్థ సిమి ముఠావాళ్లు ఇద్దరని ఎవరికీ తెలియదు. ఎదురుపడీ పడగానే వాళ్లు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు చనిపోయారు. రెండు రోజులకు జానకీపురం దగ్గర జరిగిన ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరు ముష్కరులూ హతమయ్యారు గానీ, అక్కడా మన పోలీసులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ముంబయి దాడిలో ఉగ్రవాది కసబ్ తుపాకీ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని వదలని తుకారాం ఓంబ్లే ఏ కమాండో దళంలోనూ లేరు. ఆయన లాఠీతో డ్యూటీకి వచ్చిన ఏఎస్సై. వీళ్ల ధైర్యానికి దండం పెట్టడం ఒక్కటే మన బాధ్యతా? ఇంకొకరిని అలాగే వట్టి చేతులతో నిలబెట్టకుండా చూడవద్దా?

అందుకని రెండు రాష్ట్రాల పోలీసు పెద్దలను వేడుకుంటున్నాను. ఆక్టోపస్‌కు ఉన్న శిక్షకుల్లో కొందరినైనా జిల్లాలకు పంపండి. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, గుళ్లు, మసీదుల దగ్గర కాపలా కాసేవారికి ఏటా నాలుగైదు రోజులు నేర్పించండి. అనుమానం ఉన్న సంచి కనబడితే ఎంత దూరం జరగాలి, జనాన్ని ఏ వైపు పంపాలి, తుపాకీ పేలితే ఏ గోడ చాటుకు చేరాలి, వైర్‌లెస్‌లో మొదటి మాటగా ఏం చెప్పాలి: ఇవి నేర్పడానికి హెలికాప్టర్లు అక్కరలేదు. వందమందికి పైగా గుమిగూడే చోట్ల సీసీ కెమెరాలు, ప్రవేశ తనిఖీలు ఉండి తీరాలని 2013లోనే చట్టం చేసుకున్నాం. పెట్టిన పరికరం పనిచేస్తోందో లేదో చూసేవారు లేకపోతే ఆ చట్టం కాగితాల్లోనే ఉండిపోతుంది.

ఇంకొక మాట కూడా రాయక తప్పదు. మక్కా మసీదు కేసులో మొదట పాతబస్తీ యువకులను తీసుకెళ్లి హింసించారని ఆరోపణలు వచ్చాయి. వాళ్ల మీద పెట్టిన కేసులు నిలవలేదు, చివరికి ప్రభుత్వమే వారిలో చాలామందికి పరిహారం ఇచ్చింది. ఆ తర్వాత వేరేవారిని నిందితులుగా నిలబెడితే 2018లో ఎన్‌ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) కోర్టు వారినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. మసీదులో చనిపోయినవారి ఇళ్లలో ఈనాటికీ నేరస్థుడెవరో తెలియదు. 2013 దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసులో సాక్ష్యాలు కోర్టులో నిలిచాయి, అయిదుగురికి శిక్ష పడింది, 2025లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. తుపాకీ గురి ఎంత ముఖ్యమో దర్యాప్తు గురి అంతే ముఖ్యం. పాతబస్తీలోని తల్లి తన కొడుకును ఊరికే పట్టుకుపోరన్న నమ్మకంతో ఉంటేనే, వీధిలో కొత్తగా కనబడ్డ మనిషి గురించి పోలీసులకు ఫోను చేస్తుంది. ఆ ఒక్క ఫోను అందితే కమాండోలను పిలవాల్సిన అవసరమే రాకపోవచ్చు.

రహస్యంగా ఉండాల్సినవి రహస్యంగానే ఉంచండి, వ్యూహాలు మాకు అక్కరలేదు. ఏటా ఎంతమంది మామూలు సిబ్బందికి శిక్షణ ఇచ్చారో, ఎన్ని తనిఖీ పరికరాలు పనిచేస్తున్నాయో శాసనసభకు చెబితే చాలు. మళ్లీ ఆ బస్టాండులో మాక్‌డ్రిల్ పెట్టినప్పుడు, ద్వారం దగ్గరి హోంగార్డును తాడు పట్టుకోమని పక్కకు పంపకండి. దాడి మొదలైన మొదటి నిమిషంలో అతను ఏం చేయాలో, ఆ డ్రిల్లు అక్కడి నుంచి మొదలుపెట్టించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాదు