రెండో కూర గొడవ

తిరుపతి,
ఆదివారం తెల్లవారుజాము

ఒరేయ్ సీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్లన్నీ కలిసినప్పుడు ఒకేసారి తిట్టు. అమ్మ మోకాలు పర్వాలేదు. అక్కావాళ్లు మదనపల్లెకి మారారు. స్కూటర్ అదే, తన్నితే గానీ లేవదు. ఇక అసలు సంగతి.

కొండల్లో మొక్కల సర్వే అన్నానుగా, పోయిన వారం దాని మీద మీటింగు. చూసినవి మూడు చోట్లు: దారి పక్క అడవి, దాని వెనక లోయ, పైన రాతి గుట్ట. శేషాచలం 2010 నుంచీ బయోస్ఫియర్ రిజర్వే, అంటే జీవజాలాన్ని కాపాడే ప్రాంతమే కదా, మళ్లీ ఎంపికేంటి అంటావు. కాపలాకి మనుషులు కావద్దూ? డబ్బు రెండు చోట్లకే ఉంది. పెద్దాయనొకరు పట్టిక చూసి, "దారి పక్క, లోయ. జాతులెక్కువ అక్కడే" అని ఫైలు మూయబోయారు. జాతులెన్ని, ఏది ఎంతుంది అన్నది కలిపి వైవిధ్యాన్ని ఒక్క అంకెలో చెప్పే షానన్ సూచిక కూడా ఆయన వైపే! అచ్చం మన 'తథాస్తు' మాస్టారే అనుకో.

దారి పక్క ఎందుకెక్కువ? లాంటానా, వయ్యారిభామ, బండ్ల వెంట వచ్చిన కలుపంతా లెక్కలో పడింది. సూచికకి ఏ జాతి ఎంతుందో తప్ప ఊరూ పేరూ పట్టవు. వయ్యారిభామా ఒకటే, పేరితా ఒకటే. పేరిత అంటే ఈ శేషాచలం, కడప కొండల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా సహజంగా పెరగని, ఈతచెట్టులా కనిపించే సైకస్ మొక్క రా!

లేచి ఒకటే అడిగా: "సార్, దారి పక్క లేనివి లోయలో ఎన్ని?" వెతికితే మూడో నాలుగో. గుట్ట జాబితా చిన్నదే, కానీ దాదాపు అన్నీ కొత్తవే. మెస్సులో రెండో కూర కూడా వంకాయే పెడితే నువ్వు చేసిన రభస గుర్తుందా, అదే ఇది. ఒకచోటి వైవిధ్యం ఆల్ఫా, చోటుకీ చోటుకీ తేడా బీటా, మొత్తం ప్రాంతానిది గామా అని విటేకర్ అనే ఆవరణ శాస్త్రవేత్త 1960లోనే విడగొట్టాడు. మా పట్టికలో ఆల్ఫా దాటితే ఒట్టు.

ఆయన పెన్ను మూత తీస్తూ పెడుతూ, "సరే, పేరిత ఉంది అని రాసేద్దాం" అన్నారు. ఉంటే చాలా? అందులో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మందులకని పుప్పొడినిచ్చే మగ శంకువులు కోసుకుపోతారు. మేం చూసినవాటి బోదెలు కాలి నల్లబడ్డాయి, ముట్టుకుంటే చేతికి మసి. నెత్తిన మాత్రం లేతాకులు చుట్టలు విప్పుకుంటున్నాయి. పిల్ల మొక్కల కోసం వెతికాం... వద్దులే, దిగులు.

చివరికి గుట్ట వచ్చింది, లోయ పోయింది. గెలిచానని సంబరపడ్డానా, ఇంటికొచ్చాక నిద్ర లేదు. లోయలో రాత్రిళ్లు దేవాంగపిల్లి తిరుగుతుందని పశువుల కాపరులు చెప్పారు. రాత్రి సర్వే ఎవరూ చెయ్యలేదు. మొక్కలొక్కటే లెక్కపెట్టి జీవవైవిధ్యం అంటే ఎట్లా? వచ్చే మీటింగులో మళ్లీ గొడవే. ఈసారి నా మీద నేనే...

జీపు వచ్చేసింది, హారన్ ఆపడం లేదు. మామండూరు వైపు వెళ్తున్నాం. నీ పెళ్లిచూపుల సంగతి రాయి, లడ్డూ విషయం దాచకుండా!

నీ
బాబ్జీ