నీటి ప్రయోగాలకు నిధులు ప్రారంభోత్సవంతో ఆగిపోతున్నాయి

సంపాదకులకు నమస్కారం.

నీటి కొరత గురించి చర్చ వచ్చినప్పుడల్లా భారీ జలాశయాలు, పొడవైన కాలువలు, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారాలే ముందుకు వస్తాయి. ఒక కాలువ చివరి భూముల్లోనో, ఒక కాలనీలోనో కొత్త పద్ధతిని పరీక్షించి చూస్తామని ఎవరైనా అడిగితే, ఆ కొద్ది మొత్తాన్ని ఏ పద్దు కింద ఇవ్వాలో తేలక దస్త్రం బల్లల మధ్య తిరుగుతూ ఉంటుంది. ఒకవేళ డబ్బు మంజూరైనా అది పరికరాలు కొనడానికే తప్ప, అవి పనిచేస్తున్నాయో లేదో కొలవడానికి కాదు. నిధుల మొత్తం కన్నా, అవి దేనికి, ఎన్నేళ్లపాటు అందుతున్నాయన్నదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం.

సింగపూర్ అనుభవం చూడండి. వాడిన నీటిని శుద్ధి చేసి తిరిగి వాడుకోవడానికి అక్కడ 1974లో ఒక ప్రయోగాత్మక కర్మాగారాన్ని నెలకొల్పి, ఖర్చు ఎక్కువ కావడం, అప్పటి సాంకేతికత నమ్మదగినదిగా లేకపోవడం వల్ల ఏడాది పైచిలుకులోనే మూసేశారు. మన లెక్కల ప్రకారం అది విఫలమైన పథకం, ఎవరో ఒకరు సంజాయిషీ ఇచ్చుకోవలసిన వ్యవహారం. కానీ వడపోత పొరలు మెరుగుపడి, చౌకబడిన తర్వాత అదే ఆలోచనను మళ్లీ తీసి, 2000లో రోజుకు 10,000 ఘనపు మీటర్ల సామర్థ్యంతో ప్రదర్శన కర్మాగారాన్ని నడిపారు. నిపుణుల బృందం ఆ నీటిని పరీక్షించాక, 2003లో 'న్యూవాటర్' పేరుతో సరఫరా మొదలుపెట్టారు. అంతకు చాలా ముందే, 1968 నుంచే, నమీబియా రాజధాని విండ్‌హోక్ శుద్ధి చేసిన మురుగునీటిని తాగునీటిలో కలుపుతోంది. ఇవేవీ రెండు మూడేళ్ల బడ్జెట్ గడువులో ఇమిడే పనులు కావు.

దీనికి భిన్నమైన పాఠం చిలీలోని చుంగుంగో గ్రామానిది. కొండ మీద వలలు కట్టి, పొగమంచు నుంచి నీటిని ఒడిసిపట్టి, 1992 నుంచి ఆ ఊరికి రోజుకు సగటున సుమారు 15,000 లీటర్లు అందించారు. సాంకేతికంగా అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే చిరిగిన వల ఎవరు కుట్టాలి, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్నది గట్టిగా తేలకపోవడంతో, పదేళ్లు గడిచేసరికి ఆ వలలు మూలపడ్డాయి. వలలకు డబ్బు దొరికింది కానీ, వాటిని కాపాడే మనిషి జీతానికి దొరకలేదనుకోవచ్చు.

మరో చిక్కు వరి సాగులో కనిపిస్తుంది. పొలంలో రంధ్రాలున్న గొట్టం పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు పడిపోయాకే మళ్లీ తడి ఇచ్చే పద్ధతిని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసింది. సరిగ్గా పాటిస్తే దిగుబడి తగ్గకుండానే 30 శాతం దాకా నీరు ఆదా అవుతుంది. మోటారుతో నీరు తోడుకునే రైతుకు ఇంధనం మిగులుతుంది కాబట్టి అతనికి ఇది వెంటనే నచ్చుతుంది. కాలువ కింద, పారే నీరు ఎంతైనా విస్తీర్ణాన్ని బట్టే శిస్తు కట్టే రైతుకు మాత్రం మిగిలేది ఏమీ లేదు, పైగా గొట్టంలోకి తొంగిచూసే శ్రమ ఒకటి. అందువల్ల గొట్టాన్ని మాత్రమే పరీక్షించే ప్రయోగం సగం ప్రయోగమే అవుతుంది. నీటి రుసుము విధించే తీరునూ, వంతుల ఏర్పాటునూ దానితోపాటే మార్చి చూడడానికి అనుమతి ఉండాలి.

కాబట్టి నిధులిచ్చేవారు పనికి ముందు కనీసం ఒక సంవత్సరం నీటి లెక్కలు తీయించి, ఆ తర్వాత మంచి వానలు పడిన ఏడూ, కరువు వచ్చిన ఏడూ రెండూ గడిచేదాకా నిర్వహణ ఖర్చు భరించాలి. కొలిచే బాధ్యతను పథకం నడిపేవారికి కాక వేరొకరికి అప్పగించాలి. అధికారులు సులువుగా వెళ్లి రాగల ఊరినే ప్రయోగానికి ఎంచుకునే అలవాటు కూడా పోవాలి, ఎందుకంటే అన్నీ అమరిన చోట నెగ్గిన పద్ధతి, ఏమీ అమరని చోట ఎలా ఉంటుందో చెప్పలేదు. ఫలించని ప్రయోగం నివేదికను దాచకుండా ప్రచురించినవారి నుంచి డబ్బు తిరిగి రాబట్టే పని పెట్టుకోకూడదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఇలాంటి పథకాల ప్రారంభోత్సవ చిత్రాలు తరచూ కనిపిస్తున్నాయి. మూడేళ్ల తర్వాత అదే చోటికి మీ విలేకరిని మళ్లీ పంపి, గొట్టంలో నీళ్లు వస్తున్నాయో లేదో రాయించగలరా?

ఇట్లు,
మీ పాఠకుడు