బాలింతకు చూపు పోతే ముందు బీపీ చూడండి

సంపాదకులకు నమస్కారం.

గర్భిణులకు, బాలింతలకు ఉన్నట్టుండి రెండు కళ్లూ కనిపించకుండా పోయినప్పుడు చాలా కుటుంబాలు కంటి ఆసుపత్రికి పరుగెత్తుతాయి, కొందరు గాలి సోకిందంటూ మంత్రం వేయిస్తారు. చాలాసార్లు ఆ జబ్బు కంట్లో ఉండదు. బీపీ ఒక్కసారిగా పెరిగితే మెదడు వెనుక భాగంలోని సన్నని రక్తనాళాల నుంచి నీరు ఊరి అక్కడ వాపు వస్తుంది. చూపును గ్రహించే చోటు కూడా అదే కావడంతో మనిషికి చీకట్లు కమ్ముతాయి. 1996లో వైద్యులు ప్రత్యేకంగా గుర్తించి వివరించిన ఈ స్థితిని ఇప్పుడు ‘ప్రెస్’ (పోస్టీరియర్ రివర్సిబుల్ ఎన్‌సెఫలోపతి సిండ్రోమ్‌కు ఇంగ్లిషు పొట్టి పేరు) అంటున్నారు. కిడ్నీ రోగుల్లోనూ, అవయవ మార్పిడి తర్వాత టాక్రోలిమస్ వంటి మందులు వాడేవారిలోనూ ఇది కనిపిస్తుంది గానీ, ప్రసూతి వార్డులో మేము చూసేది గుర్రపువాతంతో, అంటే గర్భిణులకు, బాలింతలకు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే జబ్బుతో వచ్చేదే.

ఆ తల్లి కళ్లు తెరిచే ఉంటాయి, టార్చి వేస్తే కంటిపాప మామూలుగానే చిన్నదవుతుంది, అయినా పక్కలో బిడ్డ ఎటు ఉందో చేత్తో తడుముకుంటుంది. ఎమ్మారైలో మెదడు వెనుక రెండు వైపులా తెల్లని మచ్చలు కనిపిస్తాయి. బీపీని నిదానంగా తగ్గించి, ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇస్తే సాధారణంగా కొద్ది రోజుల్లోనే చూపు తిరిగివస్తుంది, కొన్ని వారాలకు ఆ మచ్చలూ మాయమవుతాయి. ఖరీదైన మందులేమీ అక్కరలేదు. ఆలస్యమైతే మాత్రం మెదడులో రక్తస్రావమై నష్టం శాశ్వతం కావచ్చు, ప్రాణమే పోవచ్చు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కాన్పు తర్వాతి వారం. బీపీ తరచుగా మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య ఎక్కువగా పెరుగుతుంది. అప్పటికి చాలామంది డిశ్చార్జి అయి పుట్టింటికి చేరి ఉంటారు. తీవ్రమైన తలనొప్పి వస్తే నిద్ర లేకనో, సిజేరియన్‌కు వెన్నులో ఇచ్చిన మత్తు సూది వల్లనో అనుకుని ఒక మాత్ర వేసి పడుకోబెడతారు. తలనొప్పితో పాటు చూపు మసకబారినా, కళ్ల ముందు మెరుపులు కనిపించినా ఇంట్లో ఆగకూడదు.

ఆశా కార్యకర్తలు మూడో రోజు, ఏడో రోజు ఇంటికి వచ్చి బిడ్డ బరువు, ఒంటి వేడి చూస్తున్నారు. అదే రాకలో తల్లి బీపీ కూడా చూసేలా రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు వారికి యంత్రం, శిక్షణ ఇవ్వాలని, 140/90 దాటితే అదే రోజు డాక్టరుకు చూపించాలని, 160/110కి చేరినా, చూపు తగ్గినా వెంటనే 108 పిలిచి కాన్పులు చేసే పెద్దాసుపత్రికి పంపాలని ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, ప్రసూతి విభాగం